బొటనవేలి చోటు

ముందే చెప్పేస్తున్నాను, కొబ్బరి నూనె రాయకండి.
ఈ సీమలో తలకీ, తలుపు బందుకీ,
కాలిన పుండుకీ అదే గనక
తోలుకీ అదే అనుకుంటారు.
నాలుగు నెలలకి మక్కిపోయిన వాసన,
ఆపైన బీరువా తియ్యాలంటే మీకే మొహమాటం.

ఇందుమతి గారు తెచ్చిన సంచి అలా పాడైందే.
ఆషాఢం ముసురు, నర్సాపురం వీధంతా బురద,
పాలిథిన్ కవర్లో ఉక్కిరిబిక్కిరై వచ్చింది.
అంచులనిండా బూజు,
నడుమ పాత బెల్లం రంగు.
"మా భ్రమరాంబ పిన్నిదండీ. లేసు కంపెనీలో పని చూసేది.
కొత్తదానిలా చెయ్యాలి. ఎంతవుతుంది?"
కొత్తదానిలా అంటే నేను రేటు చెప్పను.
చూసి చెప్తానన్నాను.

రెండ్రోజులు ముట్టుకోలేదు.
అరుగు మీద, నీడలో, నోరు తెరిచి పెట్టాను.
ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది, నిజమే,
అప్పడమూ అలాగే ఆరుతుంది.

మూడో రోజు, ముక్కుకి గుడ్డ కట్టుకుని
మెత్తటి బ్రష్షుతో బూజు దులిపాను.
కుంకుడుకాయ చిలికి, నీళ్లు వదిలేసి, నురగ మట్టుకు తీసి
పాత పంచె ముక్కతో
చంటిదాని మూతి తుడిచినట్టు అద్దాను.
గుడ్డకి అంటినవి పౌడరు, చెమట, కిరసనాయిలు పొగ,
గోదారి ఇసుక.
కుట్టు సందుల్లో దాక్కుని
సూదిమొనకి తప్ప రానంది.
ఇత్తడి గొళ్లేనికి చింతపండు,
కింద అట్టముక్క దూర్చాకే.
తోలుకి పులుపు పడదు, మా అత్తగారికి లాగే.

లోపలి గుడ్డ చివికిపోయింది. విప్పుతుంటే జారాయి
సఖినేటిపల్లి రేవు పంటి టిక్కెట్టు ఒకటి,
తుప్పు పట్టిన క్రోషే సూది,
ఐదు రేకులల్లి ఆరోది మొదలెట్టి వదిలేసిన దారప్పువ్వు,
ఒక చీటీ:
"మట్టా సుందరమ్మ, డజను, బాకీ రెండ్రూపాయల పావలా."
ఎవరు ఎవరికి బాకీయో రాయలేదు.

గుడ్డ మొత్తం వచ్చేశాక
రంగు తగలని తోలు బయటపడింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఇన్నేళ్ల తర్వాత కూడా తంగేడు చెక్క వాసన.

మా తాత యేసోబు లందలో దిగి తోళ్లు తొక్కేవాడు.
ఆ వాసనకే కొట్టతను చిల్లర చేతికివ్వక
బల్ల మీద పెట్టి వేలితో నెట్టేవాడట.
ఈ తోలు తాత తొక్కిందని అనను,
ఎక్కడిదో, ఏ మద్రాసు దుకాణంలో కొన్నదో.
కానీ ఇది పంటి మీద నలుగురి మధ్య కూర్చుంది,
కంపెనీ వాళ్ల టేబుళ్లెక్కింది,
ఒళ్లో పడుకుంది.
పైన రంగేసుకుని.

ఆముదం రెండు చుక్కలు, తేనెమైనం గోరంత,
వేణ్నీళ్ల గిన్నెలో కరగబెట్టి
అరచేత్తోనే పట్టించాను.
తాగింది. ఇంకా అంది.
రాత్రంతా వదిలేశాను.
ఊడిన పట్టీని రెండు సూదులతో
పాత బెజ్జాల్లోంచే కుట్టాను.
కొత్త బెజ్జం పొడిస్తే అక్కడే చిరుగుతుంది.
నాకిది చెప్పింది తాత కాదు,
నా చేతిలో చిరిగిన మొదటి సంచి.

మూత మీద ఒక్క చోట గుంట పడి నల్లగా మెరుస్తోంది.
రంగుతో పూడ్చెయ్యొచ్చు, పావుగంట పని.
కుడి బొటనవేలు పెట్టి చూశాను, కుదర్లేదు.
ఎడమది పెడితే
అచ్చు దిగినట్టు.

అదలాగే ఉంచేశాను. ఆవిడొచ్చాక చూపించాను.
కాసేపు ఏమీ అనలేదు.
"పిన్నిది ఎడమచేతి వాటం. అన్నం మటుకు కుడిచేత్తో తినేది,
అల్లికంతా ఎడమచేత్తోనే.
నేనెలా మర్చిపోయాను?"
తన ఎడమ బొటనవేలు అక్కడ పెట్టి
గొళ్లెం తీసింది. వేసింది. మళ్లీ తీసింది.
రేటు మాటే మర్చిపోయింది.
నేను మర్చిపోలేదు, ఏడు వందలన్నాను.
చేతికిచ్చింది.

పువ్వూ సూదీ పట్టుకెళ్లింది.
చీటీ ఇక్కడే ఉండిపోయింది, మైనం డబ్బా కింద.
మట్టా సుందరమ్మ గారి తాలూకు ఎవరైనా ఉంటే
ఓసారి వచ్చి చూసుకోండి.
ఆవిడ ఇవ్వాల్సిందో, ఆవిడకి రావాల్సిందో.